పిల్లల ఊరిలోంచి నేను పారేసిన రాయి

2023 జనవరి. దుమ్ముగూడెం మండలంలో, గోదావరికి కొంత ఎడంగా, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక గూడెంలో నేను అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు, పిల్లల పేర్లు మార్చాను. అప్పటికి ఆ సెంటర్‌లో నాకు పదకొండేళ్లు. మా పుట్టిల్లు పెనుబల్లి దగ్గర. పెళ్లయి ఇటు వచ్చి, మండల కేంద్రంలో ఉంటూ రోజూ స్కూటీ మీద గూడేనికి వెళ్లి వచ్చేదాన్ని. అంతకుముందు ఆగస్టులో మా ఆయన పోయారు. పదహారో రోజున డ్యూటీలో చేరాను. ఇంట్లో ఉండటం కంటే అది తేలిక.

అంగన్‌వాడీ అంటే చాలామందికి గుడ్డు, పాలు, బరువు తూకం గుర్తొస్తాయి. అవన్నీ ఉంటాయి. అయితే మూడేళ్లు నిండిన పిల్లలకు రోజూ ఉదయం ప్రీస్కూల్ కూడా నడపాలి. ప్రీస్కూల్ అంటే పలకల మీద అక్షరాలు దిద్దించడం కాదు. పాట, కథ, బొమ్మ గీయడం, ఏదైనా కట్టడం, నలుగురితో కలిసి చేయడం. నెలకొక 'థీమ్' ఇస్తారు, అంటే ఆ నెల పనులన్నీ ఒకే విషయం చుట్టూ తిరగాలి. ఆ జనవరి థీమ్ 'మా ఊరు'.

మాకు వచ్చిన కిట్‌లో చెక్క దిమ్మలు ఒక పెట్టెడు ఉండేవి. పదకొండేళ్లలో తొమ్మిది మిగిలాయి. తొమ్మిది దిమ్మలతో ఊరు కట్టడం అయ్యే పని కాదు. అందుకని వెనక వరండాలో ఒక మూల పిల్లలకు వదిలేసి, వాగు నుంచి రెండు తట్టల బంకమట్టి తెప్పించాను. గుడ్లు వచ్చే అట్టలు, అగ్గిపెట్టెలు, చింతగింజలు, వెదురు బద్దలు, సీసా మూతలు ఒక గంపలో పెట్టాను. తర్వాత నా పని కూర్చుని చూడటం. ఇది చెప్పినంత సులభం కాదు. చెయ్యి పెట్టాలనిపిస్తుంది.

పదకొండు మంది పిల్లలు. మొదటి రెండు రోజులు ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకున్నారు. ఏ ఇంటి గుమ్మం ఆ ఇల్లు కట్టిన పిల్లవైపే ఉంది. మూడో రోజు ఒకడు అగ్గిపెట్టెతో బస్సు చేశాడు. బస్సుకు రోడ్డు కావాల్సి వచ్చింది. రోడ్డుకు అఖిల ఇల్లు అడ్డం.

"నీ ఇల్లు జరుపు," అన్నాడు చరణ్. వాడికి ఐదున్నరేళ్లు, అందరిలో పెద్దవాడు. వాళ్ల తాత ఊరి పెద్ద.

"జరప. నా ఇంట్ల ఆవున్నది."

"మరి బస్సెట్ల వోతది?"

"నీ బస్సు సుట్టు తిరిగి రానియ్యి."

చాలాసేపు వాదించుకున్నారు. నేను కదల్లేదు. చివరికి రోడ్డు అఖిల ఇంటి చుట్టూ వంకర తిరిగింది. ఆ వంకర దగ్గర బస్సు ఆగాలని వాళ్లే పెట్టుకున్నారు, ఎందుకంటే అక్కడ ఆవు ఉంది. శిక్షణలో మాకు 'కలిసి నిర్ణయం తీసుకోవడం' అని ఒక పేజీ ఉంటుంది. నాకు ఆ పేజీ అర్థమైంది ఆ వంకర చూశాకే.

నందిని మాత్రం అందులో లేదు. ఆ పిల్లకు నాలుగేళ్లు. అమ్మానాన్నలు కూలికి పోతారు కాబట్టి పెంచింది వాళ్ల అవ్వ. ఆ అవ్వ రోజూ పిల్లను తీసుకొచ్చి, తిరిగి వెళ్లకుండా మధ్యాహ్నం దాకా గుమ్మం పక్కనే కూర్చునేది. నవంబరులో అవ్వ జ్వరం వచ్చి చనిపోయింది. తర్వాత నందిని ఒక్కతే వచ్చి అదే గుమ్మం పక్కన కూర్చునేది. ఏడ్చేది కాదు, ఆడేది కాదు. అన్నం కెలికి లేచేది. మా దగ్గర గ్రోత్ చార్ట్ ఉంటుంది. వయసును బట్టి బరువు ఎంత ఉండాలో రంగు గీతలు ఉంటాయి, ప్రతి నెలా పిల్ల బరువును అందులో చుక్క పెట్టి చూస్తాం. నందిని చుక్కలు ఆకుపచ్చలోంచి పసుపులోకి దిగాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే దాని కిందకు పోతుంది.

రెండో వారం మంగళవారం ఆ పిల్ల పిడికిలిలో ఒక రాయి తెచ్చింది. తన అరచెయ్యంత, పలుచగా, నల్లగా ఉంది. ఊరు కట్టిన చోటికి వచ్చి, చివరి ఇల్లు దాటాక మట్టిలో గుచ్చి నిలబెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. అఖిల తన ఆవును కొంచెం పక్కకు జరిపింది. ఇల్లు జరపనన్న పిల్ల అడక్కుండానే ఆవును ఎందుకు జరిపిందో నేను ఆలోచించలేదు. నందిని కూడా ఆటలో కలిసిందని మాత్రం సంతోషించాను.

ఆ మధ్యాహ్నం గుడ్డు పెట్టాక నందిని కంచంలోంచి చిటికెడు తుంచి వరండాలోకి తీసుకెళ్లింది. తిరిగి వచ్చి మిగతా గుడ్డంతా తిన్నది. అన్నం కూడా తిన్నది. బుధవారం, గురువారం, శుక్రవారం అంతే. నాకు కనిపించింది పిల్ల తింటోందన్నదే. రిజిస్టర్‌లో 'నందిని, పూర్తిగా తిన్నది' అని నాలుగు రోజులు రాశాను.

శనివారం మా ఆయా సోమమ్మ సెలవులో ఉంది. ఆమెది అదే గూడెం, కోయవాళ్లు, నాకంటే పదేళ్లు పెద్ద. పిల్లలు వెళ్లిపోయాక సెంటర్ ఊడ్వడం నా పని అయింది. ఆ రోజు నిద్రపోతున్న ఒక చంటిపిల్లను ఎర్రచీమలు కుట్టాయి. వాటి బారు ఎక్కడినుంచి వస్తోందో చూస్తూ పోతే వరండాలో ఆ నల్లరాయి దగ్గర తేలింది. రాయి మొదట్లో ఎండిన గుడ్డు ముక్కలు, మెతుకులు. చీమలు రాయి చుట్టూ ముసిరి ఉన్నాయి. ముక్కలు ఊడ్చి, రాయి పీకి, ప్రహరీ అవతల సీసీ రోడ్డు కోసం పోసిన కంకర కుప్ప మీదికి విసిరేశాను. రాయి ఉన్న చోట నీళ్లు చల్లి, మట్టి చదును చేశాను. శుభ్రంగా కనిపించింది.

ఊరి చివర రాళ్లు నాకు తెలియనివి కావు. ఆ గూడెంలో పోయినవాళ్లకు రాయి నిలబెడతారు. అన్ని గూడేల్లో పద్ధతి ఒకలా ఉండదు, నేను చూసింది చెప్తున్నాను. కొత్త ధాన్యమైనా, కొత్త చిక్కుళ్లయినా, ఇప్పపువ్వయినా ముందు అక్కడ పెట్టి తర్వాత తింటారు. పదకొండేళ్లు ఆ రాళ్ల పక్కనుంచే స్కూటీ పోనిచ్చాను. వరండాలో అదే చూసి పోల్చుకోలేకపోయాను.

సోమవారం పిల్లలు నాకంటే ముందే వరండాలోకి పోయారు. చరణ్ వెనక్కి వచ్చాడు.

"టీచర్, నందిని వాళ్ల అవ్వ యాడ వోయింది?"

"ఏ అవ్వరా? అవ్వ చనిపోయింది కదా."

"గది కాదు టీచర్. గీడ నిలవెట్టింది. రాయి."

అప్పుడు అర్థమైంది. నందిని చదును చేసిన మట్టి ముందు నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

"ఏమోరా," అన్నాను. "కుక్క ఎత్తుకుపోయిందేమో."

ఎందుకు అలా అన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పిల్ల మనసు నొప్పించకూడదని అన్నానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. పట్టుబడ్డాను, తప్పించుకున్నాను.

సెంటర్ దగ్గర టైగర్ అని ఒక గోధుమరంగు కుక్క తిరిగేది. మిగిలిన అన్నం దానికి పెట్టేవాళ్లం. ఆ పూట నుంచి పిల్లలకు అది దొంగ. మంగళవారానికల్లా ఊరి చుట్టూ కంచె మొదలైంది. నేను చెప్పింది ఏమీ లేదు. చరణ్ వెదురు బద్దలు విరిచి ఇస్తున్నాడు, ఇద్దరు పిల్లలు వాటిని వరసగా గుచ్చుతున్నారు, అఖిల సంచి దారం పీకి బద్దలకు అల్లుతోంది, చిన్నవాళ్లు తుమ్మకంప ముక్కలు జాగ్రత్తగా రెండు వేళ్లతో పట్టుకుని మోసుకొస్తున్నారు. ఎవరి పని ఏదో ఎవరూ పంచలేదు. మూలల్లో బద్దలు పడిపోతుంటే మట్టి ముద్దలు పెట్టి ఆపారు. బస్సు పోవడానికి గేటు పెట్టారు, గేటు దగ్గర కాపలాకు ఒక సీసా మూతను కూర్చోబెట్టారు. నా ఉద్యోగంలో పిల్లలు కలిసి చేసిన పనుల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. ఫొటో తీసి సెక్టార్ గ్రూపులో పెట్టాను. సెక్టార్ అంటే ఒక సూపర్‌వైజర్ కింద ఉండే సెంటర్లన్నీ కలిపి. 'చాలా మంచి యాక్టివిటీ' అని జవాబు వచ్చింది, చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఫోన్ బోర్లా పెట్టాను.

నందిని కంచె పనిలో చెయ్యి పెట్టలేదు. సోమవారం తినలేదు, మంగళవారం పాలు కూడా ముట్టలేదు.

కంకర కుప్పలో ఆ రాయి ఏదో పోల్చుకోలేకపోయాను. మంగళవారం ఉదయం దారిలో గోదావరి ఒడ్డున ఆగి మంచి రాయి ఒకటి ఏరాను. నునుపుగా, ముద్దుగా ఉంది. "ఇదిగో నందినీ, దొరికింది," అని ఇచ్చాను. రెండో అబద్ధం. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టేసింది.

చరణ్ తొంగి చూసి నవ్వాడు. "గిది అవ్వ కాదు టీచర్. గిది రాయి."

మిగతా పిల్లలూ నవ్వారు. టీచర్‌కు రాయికీ అవ్వకూ తేడా తెలియడం లేదు.

ఆ సాయంత్రం నందిని వాళ్లమ్మ పద్మ వచ్చింది. నడుముకు కొంగు చుట్టుకుని ఉంది, పొలం నుంచి సరాసరి వచ్చినట్టుంది.

"తిన్నదా టీచరమ్మ?"

"లేదు పద్మా. రెండు రోజులయింది."

"ఇంటికాడ గూడ గంతే. మొన్నటిదాంక మంచిగ తిన్నది. ఇప్పుడేందో మల్ల బిగవట్టుకున్నది." నడుముకు చుట్టిన కొంగు విప్పి మళ్లీ బిగించింది. "గురువారం నుంచి మిర్చి ఏరనీకి పోతున్నం. దూరం, ఆటో వస్తది, పొద్దు వోయినంక వస్తం. నా ఎంబడి తీస్కపోత. కండ్ల ముందల ఉంటే ఓ ముద్దన్న మింగుతదేమో."

"మిర్చి చేలో ఎండలో ఎలా ఉంటుంది పద్మా? ఆ ఘాటు, ఆ మందుల వాసన. ఇక్కడుంటే గుడ్డు, పాలు."

"గుడ్డున్నది, పాలున్నయ్. తినేది ఉండాలె గద." కోపంగా అనలేదు. "ఇగ రేపొక్కరోజు సూస్త. తింటే ఉంచుత. లేకుంటే తీస్కపోత."

మిర్చి ఏరుడు రెండు నెలలపైన నడుస్తుంది. ఆ రెండు నెలలు ఆ పిల్ల చేను గట్టు మీద గోనెసంచి నీడన కూర్చుంటే చార్ట్‌లో చుక్క ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నా చేతిలో ఉన్నది ఒక్క రోజు.

బుధవారం పదింటికి టైగర్ కేక వినిపించింది. బయటికి పరుగెత్తాను. ముగ్గురు పిల్లలు కంకర రాళ్లు విసురుతున్నారు. కుక్క మూడు కాళ్ల మీద కుంటుతూ చింతచెట్టు వైపు పోతోంది. సోమమ్మ పిల్లల రెక్కలు పట్టుకుని లోపలికి లాగింది.

"ఏమైందిరా మీకు? నోరు లేని దాన్ని కొడ్తరా?"

"గదే అవ్వనెత్కపోయింది," అన్నాడు ఒకడు.

సోమమ్మ నా వైపు తిరిగింది. నేను ఆమెను వంటగదిలోకి పిలిచి జరిగింది చెప్పాను. చీమలు, కంకర కుప్ప, అన్నీ.

"నేను సోమారమే అనుకున్న," అంది సోమమ్మ. "కుక్క రాయినెందుకు ఎత్కపోతది, రొట్టెనా అది? నీకు తెల్వకనా టీచర్, పిల్ల బువ్వ పెడ్తాంటే?"

"తెలియలేదక్కా. ఆడుకుంటోందనుకున్నాను. ఇంకో రాయి తెచ్చి ఇచ్చాను, తీసుకోలేదు."

"నువ్వు తెస్తే వస్తదా రాయి? ఇంటోళ్లు వోవాలె, అందరు వోవాలె. ఒక్కరి చేతులల్ల రాదు." పొయ్యి మీద అన్నం కలియబెట్టింది. "మీ సార్ రాయి యాడున్నది?"

"మాకు అలా ఉండదు అక్కా."

"మరి యాడికి వోయి మాట్లాడ్తవు?"

మా ఇంట్లో పదకొండో రోజుకల్లా మా ఆడపడుచులు ఆయన బట్టలు మూటకట్టి ఇచ్చేశారు, మంచం పైకెక్కించారు, కళ్లజోడు కూడా కనిపించకుండా ఎక్కడో పెట్టారు. చూస్తే బాధపడతానని. అది మంచి పనేనని నేనూ అనుకున్నాను. ఇల్లంతా కడిగినట్టు ఉంది. శనివారం వరండా కూడా అలాగే ఉంది. సోమమ్మ గంజి వార్చడం మొదలుపెట్టింది. నేను వరండాలోకి వెళ్లాను.

పిల్లల్ని కూర్చోమని, నేను కూడా నేల మీద కూర్చున్నాను. "కుక్క రాయి ఎత్తుకుపోలేదు," అన్నాను. "నేనే తీసి బయట పారేశాను. చీమలు వచ్చాయని. కుక్క మీద అబద్ధం చెప్పాను."

కొంతమందికి తెలుగు ఇంకా పూర్తిగా రాదు. చరణ్ వాళ్లకు కోయలో చెప్పాడు. నేను అంత మాట చెప్పడానికి మూడు రోజులు పడితే వాడికి మూడు ముక్కలు సరిపోయాయి. అప్పుడు అందరూ నా వైపు చూశారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. టీచర్లు కూడా చేస్తారా అన్నట్టు.

చరణ్ లేచి వెళ్లి బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చేతులు తుడుచుకునే తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గూడెంలో తగువు వస్తే పెద్దమనుషులు కూర్చుని విని, తప్పు చేసినవాళ్లకు ఇంత కట్టమని చెప్తారు. దాన్ని 'తప్పు కట్టడం' అంటారు. వాడు తాత ఒళ్లో కూర్చుని అవన్నీ చూసినవాడే.

"టీచర్, లేచి నిలవడు."

నిలబడ్డాను.

"రాయి తీసినవా?"

"తీశాను."

"కుక్క మీద వెట్టినవా?"

"పెట్టాను."

"తప్పు." మిగతావాళ్ల వైపు తిరిగాడు. "ఏమేద్దాం?"

"కోడి," అంది అఖిల వెంటనే.

"రెండు కోళ్లు!"

"గుడ్డు గూడ!"

"రెండెందుకురా? మా తాత ఒకటే అంటడు," అని చరణ్ కసిరాడు. "టీచర్, ఒక కోడి కట్టాలె."

"నా దగ్గర కోడి లేదు పెద్దమనిషీ."

మట్టి తట్ట వైపు వేలు చూపించాడు. "మట్టితోని చెయ్యి."

చేశాను. తలుపు దగ్గర సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"గిది కోడా? బాతు లెక్కున్నది."

"తోక యాడుంది టీచర్?"

"దీనికి కాళ్లు లెవ్వు, ఎట్ల నడుస్తది?"

అఖిల నా చేతిలోంచి లాక్కుని చీపురుపుల్లలు గుచ్చి తోక పెట్టింది. చింతగింజ కన్ను ఒకరు పెట్టారు, ఇంకో కన్ను ఇంకొకరు. చివరికి కోడి కోడిలా తేలింది. నేను పెట్టింది కడుపు మాత్రమే.

అప్పుడు నందిని మాట్లాడింది. గొంతు బొంగురుగా ఉంది. "కుక్కకు గూడ కట్టాలె," అంది. "మనం కొట్టినం."

చరణ్ ఇబ్బందిగా కదిలాడు. రాళ్లు విసిరినవాళ్లలో వాడూ ఉన్నాడు. తీర్పు వాడి మీదికి తిరగడం వాడికి నచ్చలేదు. కానీ తువ్వాలు భుజాన ఉంది కదా. "అవ్," అన్నాడు చివరికి. "అందరం ఒక ముద్ద పెట్టాలె. టీచర్ గూడ."

అన్నం ఉడికాక ముద్దలు ఒక ఆకులో పెట్టి చింతచెట్టు కింద ఉంచాం. టైగర్ మేం దూరం జరిగేదాకా రాలేదు. తర్వాత వచ్చి తిన్నది. మా వైపు మాత్రం చాలా రోజులు రాలేదు, అది దాని ఇష్టం.

రాయి కోసం వాగుకు వెళ్లాం. నందిని ముందు, అందరం వెనక. చరణ్ మంచి రాళ్లు చూపిస్తూ పోయాడు, ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతూ పోయింది. ఒకచోట వంగి సగం ఇసుకలో ఉన్న ఒక బూడిదరంగు రాయి లాగింది. నేనైతే దాన్ని చూసేదాన్ని కాదు. ఇంతలో ఎవరు చెప్పారో, సోమమ్మ మాట విన్నారో, ఇంట్లో చూశారో, పదకొండు మందీ చేతులు వేశారు. ఒక పిల్ల ఒక చేత్తో మోసే రాయి. దాని చుట్టూ చేతులే తప్ప రాయి కనిపించలేదు. ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకుంటూ, ఆగి తిట్టుకుంటూ తెచ్చారు. సెంటర్ గుమ్మంలో అందరూ పట్టలేదు. చెయ్యి వదలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి పక్కకు తిరిగి, పీతల్లా, ఒకళ్ల వెనక ఒకళ్లు లోపలికి వచ్చారు.

నిలబెట్టింది నందిని. గుడ్డు చిటికెడు తుంచి దాని ముందు పెట్టింది. మిగతాది తిన్నది. అన్నం రెండోసారి అడిగింది. చీమల కోసం నేను చేసింది ఒక్కటే. రాయి చుట్టూ పసుపు గీత గీస్తే చీమలు రావని చెప్పి, గీయనా అని నందినిని అడిగాను. చుట్టూ వద్దంది, చంటిపిల్లలు పడుకునే గది వైపు మాత్రం గీయమంది. గీశాను.

పద్మ ఆ సాయంత్రం రాలేదు. సోమమ్మే పిల్లను వాళ్లింట్లో దింపి వచ్చింది కానీ పద్మ ఇంకా పొలం నుంచి రాలేదట. గురువారం ఎనిమిదింటికే సెంటర్ తెరిచాను. రోడ్డు మీద ఆటో ఆగింది, నిండా ఆడవాళ్లు. పద్మ పిల్లను చంకనేసుకుని, రెండో చేత్తో టిఫిన్ గిన్నె, గోనెసంచి పట్టుకుని వచ్చింది. చెప్పిపోవడానికి వచ్చిందని అర్థమైంది.

"నిన్న తిన్నది పద్మా," అన్నాను.

"తిన్నదనే అందరు చెప్తరు," అంది నమ్మకుండా. నందిని ఆమె చంకలోంచి జారి లోపలికి పరుగెత్తింది. "ఏయ్, ఆగు పిల్లా!" అంటూ పద్మ వెంట పోయింది. నేను వెళ్లేసరికి వరండాలో నిలబడి మట్టి ఊరు చూస్తోంది. చూపు చివరి ఇల్లు దాటి ఆగింది.

"ఇదెవరు వెట్టిన్రు?"

ఇది పిల్లలు చేయకూడని పనేమో అన్న భయం నాకు అప్పుడు కలిగింది. అంతకుముందు రోజు కలగాల్సింది.

"అవ్వ," అంది నందిని.

పద్మ గోనెసంచి కింద పెట్టింది. "మేం ఇంకా వెట్టలే టీచర్," అంది. నాతోనే అన్నా నన్ను చూడటం లేదు. "అందరిని పిలవాలె, బువ్వ వెట్టాలె. మిర్చి అయినంక పెడ్దామనుకున్నం. ముసల్ది ఊకుంటదా మరి. పిల్లతోని వెట్టిచ్చుకున్నది."

రోడ్డు మీద ఆటో హారన్ కొట్టింది. "పద్మా! జల్దీ రా, ఎండెక్కుతాంది!" అని ఎవరో అరిచారు.

పద్మ కూర్చుని టిఫిన్ గిన్నె మూత తీసింది. మధ్యాహ్నానికి కట్టుకున్న అన్నం, పచ్చిపులుసు. నాలుగు మెతుకులు తీసి రాయి ముందు పెట్టింది. గిన్నె మూతపెట్టి, లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంది. గోనెసంచి మాత్రం తీసుకుంది. పిల్లను తీసుకోలేదు.

"సాయంత్రం పొద్దు వోతది," అంది సోమమ్మతో. "మీ ఇంట్ల కూసోవెట్టుకో అక్కా."

నందిని మార్చి దాకా రోజూ వచ్చింది. చుక్కలు నెమ్మదిగా ఆకుపచ్చలోకి ఎక్కాయి. ఒక నెల ఆగింది, మళ్లీ ఎక్కింది.

ఈ సంగతి నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. ఊడ్చేముందు అడగడం నేర్పింది. ఇప్పుడు మా సెంటర్‌లో సాయంత్రం ఊడ్వడానికి అరగంట ఎక్కువ పడుతుంది. ఈ పుల్ల ఎవరిది, ఈ మూత ఏమిటి అని ఒక్కొక్కటీ అడుగుతాను. చాలావాటికి "గది ఉత్తదే టీచర్, పారెయ్యి" అంటారు. పారేయకూడనిది నెలకొకటి ఉంటుంది. అది ఏదో చూసి చెప్పడం పదకొండేళ్ల అనుభవంతో కూడా నాకు రాలేదు, ఇప్పటికీ రాదు. అడగడమొక్కటే దారి.

రెండోది చెప్పడానికి ఇష్టం లేదు కానీ అదే ముఖ్యం. ఆ కంచె ఫొటో గ్రూపులో ఇంకా ఉంది. కింద నేనేమీ రాయలేదు, రాయాల్సింది. కొత్తగా చేరిన టీచర్లు శుభ్రత గురించి అడిగినప్పుడు మాత్రం ఇది చెప్తాను. అడగకుండా ఏదైనా తీసేస్తే, తీశామని పిల్లలకు ఆ రోజే చెప్పండి. ఆలస్యం చేస్తే వాళ్లు ఖాళీగా కూర్చోరు. మనం చెప్పిన అబద్ధం మీద అందరూ కలిసి ఏదో ఒకటి కట్టడం మొదలుపెడతారు. చాలా బాగా కడతారు.